పైపు మెడలో పసుపు దారం

ముంచడం, ఎత్తడం, పోయడం. మళ్లీ ముంచడం, ఎత్తడం, పోయడం. ఎత్తు నుంచి పోస్తే నీళ్లు నురగ కడతాయి, నురగలో గాలి ఉంటుంది, ఆ గాలి దొరకు చాలాలి, చాలుతుందో లేదో నాకు తెలియదు. దొర అంటే చేప. మా మామ పెట్టిన పేరు. జానెడుకు పైనే ఉంటాడు, నల్లటి ఒంటి మీద నిప్పు రవ్వలు చల్లినట్టు మచ్చలు, తోక మొదట్లో కన్నులాంటి గుండ్రటి చుక్క. నిన్నటిదాకా తొట్టిలో అటూ ఇటూ దర్జాగా పచార్లు చేసినవాడు ఇప్పుడు మూతి నీటి అంచుకు ఆనించి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. స్టూలు మీద నిలబడ్డాను. చేతిలో స్టీలు చెంబు, పెళ్లికి మా పిన్ని చదివించింది, దాని మీద మెలికలు తిరిగిన అక్షరాలతో లోహిత మునికుమార్ అని చెక్కి ఉంటుంది, ఇద్దరి పేర్ల మధ్య ఒక చిన్న పువ్వు. ఇంత భయంలోనూ నీళ్లు పోసే ప్రతిసారీ ఆ పువ్వు నా వైపు తిరిగితే బాగుంటుంది అనిపిస్తోంది. నాకేమైనా పిచ్చా? భుజం లాగేస్తోంది. పోయాలి. తొట్టి కింద అలమరలో ఫిల్టరు డబ్బా మెడ నిండా బొట్లతో, బంతిపూలతో, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది, ఒక్క చుక్క నీళ్లు లాగడం లేదు.

నేనే చేశాను. ఎవరూ చెప్పలేదు. ఆయుధపూజ కదా, పొద్దున నిద్ర లేస్తూనే నాకు ఒళ్లంతా సంబరం, మా సొంత ఇంట్లో, అంటే అద్దె ఇల్లే, తిరుపతి కొర్లగుంటలో మేడ మీది రెండు గదులు, అయినా మాదే కదా, మా ఇంట్లో నా మొదటి పూజ. మిక్సీ కడిగాను, గ్రైండరు కడిగాను, గ్రైండరుకు గంధం పూసి కుంకుమ పెడితే బోద కాళ్ల పెద్దమ్మలా ఎంత ముద్దుగా ఉందో. ఫ్రిజ్జుకు మాల వేశాను. కత్తెర, స్క్రూడ్రైవరు, ముని లాప్‌టాప్ అన్నీ పూజ గూట్లో పెట్టాను. వాళ్ల నాన్నను, అదే మా మామను, పుత్తూరు నుంచి తీసుకురావడానికి బయల్దేరుతూ ముని తన ఫోను కూడా తెచ్చి గూట్లో పెట్టి దానికి తనే వేలితో కుంకుమ అద్దాడు. "రోజంతా నన్ను దున్నేది ఇదే కదా, ఈ పొద్దు దీనికి సెలవు," అన్నాడు. "పూజలో పెట్టినదాన్ని రేపటిదాకా ముట్టుకోకూడదంట, మీ అమ్మ చెప్పింది," అన్నాను. "నిన్ను కూడా గూట్లో పెట్టేసి పోతే బాగుండు," అని నా ముక్కు మీద కుంకుమ వేలు రాసి పరిగెత్తాడు. ఆ ముక్కుతోనే, తుడుచుకోకుండా, ఇంకేం మిగిలింది ఇంకేం మిగిలింది అని ఇల్లంతా తిరిగాను. తొట్టి కింద ఈ డబ్బా కనబడింది. పగలూ రాత్రీ పనిచేసేది ఈ ఇంట్లో ఇదొక్కటే, దీనికి బొట్టు లేకపోతే ఎట్లా? విప్పాను, కుళాయి కింద పెట్టి కడిగాను, పైపులు ఊడదీసి పసుపు నీళ్లతో తుడిచాను, డాబా మీద ఎండలో పెట్టాను. కొండ పక్క నుంచి చల్లగాలి, కింద వీధిలో ఆటోలకు అరటి పిలకలు కడుతున్నారు, గుమ్మడికాయ పగలగొట్టినప్పుడల్లా కుంకుమ ఎర్రగా చిమ్ముతోంది, చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో. ఆ సేపంతా కింద ఒకడు ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడని నాకు తట్టనైనా లేదు.

పోయాలి. దొర పక్కకు వాలుతున్నాడు, కొంచెమే, నీడలా వాలి మళ్లీ సర్దుకున్నాడు. పడుకోకు. పడుకోకు దొరా, మీ నాయన వస్తున్నాడు. వాడు చింతాకంత ఉన్నప్పుడు మామ తెచ్చి పెంచాడట. ఆర్టీసీ డిపోలో డ్యూటీ దిగి వచ్చి చొక్కా కూడా విప్పకుండా తొట్టి ముందు కూర్చునేవాడట, ఇంట్లో ఎవరితోనూ అనని మాటలు వాడితో అనేవాడట, ఇవన్నీ అత్త నవ్వుతూ చెప్పింది, నవ్వుతూనే కొంచెం ఉడుక్కుంటూ. శ్రావణంలో మా పెళ్లయింది. భాద్రపదం పోకముందే మామ ఈ డబ్బా కడగడానికి కిందికి వంగి లేవబోయి తడి నేల మీద జారాడు. తొడ ఎముక. ఆపరేషన్ వద్దన్నాడు, పుత్తూరు నాటువైద్యుల కట్టే కావాలన్నాడు, అక్కడే గది తీసుకుని అత్త తోడుండిపోయింది. వెళ్లేటప్పుడు కారులో పడుకోబెట్టాక నొప్పికి పళ్లు బిగబట్టి నన్ను దగ్గరికి పిలిచాడు. నేను ఏదో జాగ్రత్తలు చెబుతాడనుకున్నాను, గ్యాసు, తలుపు. "అమ్మీ, వాడు నీ చేతి మేత తింటా ఉండాడు. అందరి చేతిదీ తినడు వాడు. నీ చేతిలో పెట్టి పోతా ఉండా," అన్నాడు. అంతే. పుట్టింటివాళ్లు ఇచ్చిన నగలకన్నా ఆ మాట నాకు బరువుగా, తియ్యగా అనిపించింది. రోజూ సాయంత్రం వాడిని మామకు వీడియోలో చూపించేదాన్ని. ఆ మాట ఇప్పుడు చెంబుతో ముంచి పోస్తున్నాను.

ఎండలోంచి తెచ్చి, అన్నీ బిగించి, బొట్లు పెట్టి, పూలు కట్టి, హారతి ఇచ్చి స్విచ్చి వేస్తే గరగరమంది. గొంతులో కఫం అడ్డం పడ్డ ముసలాయనలా గరగర, తర్వాత రెండు ఉమ్ములు నీళ్లు, తర్వాత ఒట్టి గరగర. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. మునికి ఫోన్ చేశాను. పూజ గూట్లో దేవుడి పటం ముందు, కుంకుమ బొట్టు కింద, నా ఫొటో వెలిగి, మునికి ఇష్టమైన ఆ పిచ్చి రింగుటోను మోగింది. ఒక క్షణం నవ్వొచ్చింది, నిజంగా పగలబడి నవ్వాను, నవ్వుతూ ఉండగానే ఏడుపైంది. అయినా మునికేం తెలుసు, చేపల గొడవ మామది, ఈ పైపులు మామ చేతులకే తెలుసు. నేను బీఎస్సీ. సైఫన్ గురించి పరీక్షలో బొమ్మ వేసి బాణాల గుర్తులు పెట్టి వచ్చినదాన్ని. నీళ్లు తొట్టిలోంచి పైపులో పైకెక్కి, అంచు మీద వంపు తిరిగి, కిందికి దిగి డబ్బాలో పడాలి, డబ్బా మీది మోటారు వాటిని రెండో పైపులో మళ్లీ పైకి తోయాలి. మొదట ఒకసారి లాగితే చాలు, తర్వాత నీళ్లే నీళ్లను లాక్కుంటాయి. కార్వేటినగరంలో మా నాయన మల్లె మడికి సిమెంటు తొట్టిలోంచి పచ్చ ట్యూబుతో ఇట్లాగే నోటితో లాగేవాడు, బుగ్గలు లోపలికి పోయి కళ్లు పెద్దవైపోయేవి, నీళ్లు నోట్లోకి రాగానే థూ అని ఉమ్మి నా మీద చిలకరించేవాడు, పాచి వాసన, మల్లె వాసన, మా నాయన నవ్వు. లాగాను. రెండో పైపు ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊపిరంతా పెట్టి లాగాను. నీళ్లు ఎక్కాయి. ఎక్కాయి, వంపు దాకా ఎక్కాయి, అక్కడ ఒక క్షణం తొంగిచూసి, మెట్ల మీద భయపడ్డ పిల్లలా వెనక్కి జారిపోయాయి. మళ్లీ లాగాను. మళ్లీ వంపు దాకా. మళ్లీ వెనక్కి. నేను లాగుతున్నంతసేపూ దొరకు పోసేవాళ్లు లేరు, దొరకు పోస్తున్నంతసేపూ లాగేవాళ్లు లేరు. నాకు ఇంకో రెండు చేతులు కావాలి. గూట్లో పటంలో అమ్మవారికి అన్ని చేతులు ఉన్నాయి, అన్నిట్లోనూ ఏదో ఒకటి పట్టుకునే ఉంది.

ఫోను. అత్త నంబరు, వీడియో. ఎత్తకూడదు. ఎత్తకపోతే అనుమానం. ఎత్తాను, ముఖం తుడుచుకుని, వెనక గోడ మాత్రం కనపడేట్టు పట్టుకుని. మామ గడ్డం తెల్లగా పెరిగింది.

"ఏం అమ్మీ, బొరుగులు తిన్నావా?"

"తిన్నాను మామా. బయల్దేరినారా?"

"ఇదో, నీ మొగుడు కారుకు నిమ్మకాయలు కట్టిస్తా ఉండాడు. మావాడ్ని ఒకసారి సూపీ."

"ఎవుర్ని మామా?"

"ఇంకెవుర్ని, దొరని."

వెనక నుంచి అత్త గొంతు, "ఇంగో గంటకు పోతా ఉండావు గదయ్యా! ఆ చేప వొచ్చి నీకు కాలు పడతాదా?"

"సిగ్నల్ బాగా లేదు మామా," అన్నాను, ఆయన ముఖం అద్దంలా స్పష్టంగా కనిపిస్తుండగా. తర్వాత, నా నోరు ఊరుకోదు కదా, "మామా, పైపులోకి గాలి పోతే ఏమవుతాది?" అన్నాను.

"ఏమవుతాది, నీళ్లు లాగదు. యాడో సందు ఉంటాది. ఏం, ఏమన్నా అయిందా?"

"లేదు లేదు. ఊరికే అడిగినా."

"ఊరికే అడిగేదానివి కాదే నువ్వు," అన్నాడు మామ. నవ్వలేదు. ఫోన్ ఆగిపోయింది, వాళ్లు ఆపారో అదే ఆగిందో.

సందు. యాడో సందు. చెప్పేసి ఉండాల్సింది. మామా, నీ దొర చచ్చిపోతున్నాడు, నేనే చంపుతున్నాను అని. చెబితే కారులో గంటసేపు, విరిగిన తొడతో, ఆ మాట మోసుకుంటూ వస్తాడు. చెప్పకపోతే వచ్చాక చూస్తాడు. నాలుగు చెంబులు పోసి, స్టూలు దిగి, డబ్బా మూత వేళ్లతో తడిమాను, పొడిగా ఉంది. మళ్లీ నోటితో లాగుతూ ఈసారి కళ్లు పైపు మీదే పెట్టాను. తెల్లటి గాజులాంటి పైపు. వంపు దగ్గర, తొట్టి అంచు మీద, రెండు పైపులు కలిసే చోట మర బిగించి ఉంటుంది, అక్కడి నుంచి లోపల సన్నగా, వెంట్రుక మందంలో, పసుపు గీత ఒకటి పాకుతోంది. నేను లాగితే పాకుతోంది, ఆపితే ఆగుతోంది. పసుపు లోపలికి ఎట్లా వచ్చింది? బయటిది లోపలికి ఎట్లా వచ్చింది? చూశాను. నోట్లోంచి పైపు జారిపోయింది.

నేను కట్టిన దారం. పైపు మెడ చుట్టూ పసుపు దారం, దానికి చిన్న పసుపు కొమ్ము. మా పెళ్లికి తాళి దారం పేనిన ఉండలో మిగిలినది, అత్త గూట్లో భద్రంగా దాచింది, నా మెడలో ఉన్నదీ ఆ ఉండలోదే, గొలుసుకు మార్చుకోమంటే పసుపు వాసన పోతుందని నేనే మార్చుకోలేదు. పొద్దున సంబరం పట్టలేక దానికి కట్టాను, నువ్వూ ఈ ఇంటి కోడలివే పో అని, ఒకటి, రెండు, మూడు, మూడు ముళ్లూ వేసి నా మీద నేనే అక్షింతలు చల్లుకున్నాను. ఒక పురి మర కిందికి, రబ్బరు రింగు కిందికి దూరింది. దాని వెంట గాలి. అంతే సంగతి. మర వదులు చేసి దారం లాగాలి. లాగాను. రాలేదు, మూడు ముళ్లు తడిసి బిగుసుకుపోయాయి, గోళ్లతో విప్పబోతే ఇంకా బిగుసుకున్నాయి. తెంపాలి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పసుపు దారం, మూడు ముళ్లు, నా చేత్తో, పండగ పూట, ముని రోడ్డు మీద ఉండగా. రేణిగుంట దాటాక లారీలు ఎట్లా వస్తాయో, బ్రహ్మోత్సవాల బస్సులు ఎట్లా వస్తాయో. ఇది పైపు. ఇది ప్లాస్టిక్ పైపు లోహితా. అయినా ముడి వేసేటప్పుడు పైపు అనుకున్నానా? అప్పుడు ముడే అనుకున్నాను కదా. ముని ఆ రోజు నా వెనక వంగి ముళ్లు వేస్తుంటే వాడి వేళ్లు వణికి నా మెడకు తగిలాయి, రెండో ముడి జారిపోతే మళ్లీ వేశాడు, పంతులు నవ్వాడు, ఆ వణుకు ఇప్పటికీ నా మెడ మీద ఉంది.

"పాపా, లోహితా, బొరుగులు తెచ్చినా!" మెట్ల మీద సుబ్బులమ్మ, కింద ఇంటి ఓనరమ్మ, మరమరాల గిన్నె చేత్తో పట్టుకుని ఆయాసపడుతూ. తొట్టి చూసింది, నన్ను చూసింది. "అయ్యో, ఏమాయ దీనికి? ఇంత చేప, పులుసుకయితే..." అని నాలుక కరుచుకుంది. "పండగ పూట నీసు మాట నా నోట్లోనే రావాల్నా!"

"పిన్నమ్మా, ఈ చెంబు పట్టుకో. ఎత్తు నుంచి పొయ్యి. ఆపొద్దు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆవిడ ఏమీ అడగకుండా కొంగు దోపుకుని స్టూలెక్కింది. నేను దారం వైపు వంగాను. కత్తెర గూట్లో ఉంది, బొట్టుతో, రేపటిదాకా.

"ఏం జేస్తా ఉండావు?"

"తెంపాల పిన్నమ్మా. దీని సందులో గాలి పోతా ఉండాది."

"మూడు ముళ్లేసి తెంపుతావా?" చెంబు గాల్లో ఆగింది. "పెండ్లయి యెన్నాళ్లయిందని? మొగుడు బయట ఉండాడు. సేపది, పోతే ఇంగోటి తెచ్చుకుంటారు."

"ఇంకోటి తెచ్చుకుంటే అది దొర కాదు. పొయ్యి పిన్నమ్మా!"

ఆవిడ పోసింది. పోస్తూ ముఖం గోడ వైపు తిప్పుకుంది, ఈ పని నేను చూడలేదు అన్నట్టు. దొర పూర్తిగా పక్కకు వాలాడు. ఒక కన్ను పైకి, నా వైపు. మేత వేసేటప్పుడు చూసే చూపే, ఇదేమిటి ఇంకా వేయలేదు అనే చూపు. మామ మాట, ముని వేళ్ల వణుకు, లారీలు, ఆ కన్ను. నా మెడలో దారాన్ని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను, ఎందుకో, అది ఎక్కడికీ పోకూడదని. వంగి పైపు మెడకు నోరు ఆనించాను. ముళ్ల మీద కాదు, ముళ్ల పక్కన, కొరికాను. పసుపు చేదు, పాచి ఉప్పు, ప్లాస్టిక్. ఒక పురి, ఇంకో పురి. తెగదు, ఎందుకు తెగదు, మా అత్త ఇంత గట్టిగా ఎందుకు పేనింది? తెగింది. టప్పుమని తలలోపల వినిపించింది. ముని, ముని, ముని. మర వదులు చేశాను, చిక్కిన పురి లాగేశాను, రబ్బరు రింగు తుడిచి దాని గాడిలో కూర్చోబెట్టాను, బిగించాను, రెండో పైపు నోట్లో పెట్టుకుని మా నాయనలా బుగ్గలు లోపలికి లాక్కుని లాగాను. నీళ్లు ఎక్కాయి. వంపు దగ్గర ఆగాయి. దిగండి. దిగండి తల్లీ. దిగాయి. జరజరమని కిందికి, డబ్బాలోకి, బుడబుడ, నిండి, రెండో పైపులో లేచి నా నోటి నిండా చేప నీళ్లు. ఉమ్మలేదు, మింగేశానేమో. పైపు తగిలించి స్విచ్చి వేశాను. గరగర. గర. తర్వాత ఏ చప్పుడూ లేదు, సన్నటి జుమ్మనడం తప్ప. తొట్టి మీద ధార విల్లులా వంగి పడింది, మొదట పసుపుపచ్చగా, తర్వాత తెల్లగా.

సుబ్బులమ్మ దిగి నేల మీద కూలబడింది. దొర ధార కింద తేలుతున్నాడు, మొప్పలు కదులుతున్నాయా నీళ్లే కదుపుతున్నాయా? అత్తకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. స్విచ్చాఫ్. పూజ గూట్లో ముని ఫోను కళ్లు మూసుకుని కూర్చుంది. దూరంగా అంబులెన్సు అరుపు, అది రుయా ఆస్పత్రికి పోయేది, రోజూ పోతుంది, రోజూ ఇట్లా వినబడదు. నా పిడికిట్లో మూడు ముళ్ల ముక్క. నేను ముళ్లు విప్పలేదు. విప్పలేదు స్వామీ, పక్కన కొరికాను, నీకు కనిపించే ఉంటుంది. సుబ్బులమ్మ పెదాలు కదులుతున్నాయి, గోవిందా గోవిందా అంటోంది. కింద గుమ్మడికాయ పగిలిన చప్పుడుకు ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం. ఎంతసేపు గడిచిందో, తొట్టి వైపు చూడ్డానికి భయం, వీధి వైపు చూడ్డానికి భయం, అందుకని నా కాలి మెట్టెల వైపు చూస్తూ కూర్చున్నాను. హారను. ఏదో కారు. ఇంకో హారను, పొడుగ్గా, అల్లరిగా. అట్లా కొట్టమని డ్రైవర్లను పీడించేది ఈ తిరుపతిలో ఒక్కడే.

మామను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ముని, డ్రైవరు మెట్లెక్కించారు. వెనక అత్త, "అమ్మీ, నువ్వు చేస్తా ఉండంగానే ఫోను చార్జింగు అయిపోయింది, ఏమాయనో అని నాకు గుండె దడ! హారతి తే ముందు," అంటూ. హారతి లేదు, ఏమీ లేదు, నేను గోడకు ఆనుకుని మునిని చూస్తున్నాను, కాళ్లు, చేతులు, తల, అన్నీ ఉన్నాయి.

"హారతి తరవాత. నన్ను తొట్టి కాడికి తీసకపోండ్రా," అన్నాడు మామ. ధార కింద వేళ్లు పెట్టాడు. దొర నిటారుగా ఉన్నాడు. ఎప్పుడు లేచాడు? నేను ఎందుకు చూడలేదు? మెల్లగా, ఒళ్లు నొప్పులున్నవాడిలా వచ్చి మామ వేలిని మూతితో పొడిచాడు.

"ధార బాగుండాదే," అన్నాడు మామ. నా వైపు తిరిగాడు. "నీళ్లు ఎందుకో పచ్చగా ఉండాయి?"

"కడిగి బొట్టు పెట్టినా మామా."

సుబ్బులమ్మ గుప్పెడు బొరుగులు తీసి నోటి నిండా వేసుకుంది, ఇక ఎవరు ఏం అడిగినా పలకడానికి వీల్లేనంత. మామ ఆవిడను చూశాడు, స్టూలును చూశాడు, తడి నేలను చూశాడు. "జారుతాది, తుడుచుకో తల్లీ," అన్నాడు, అంతే.

ముని పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏంది, పెదాలకు పసుపు? పసుపన్నం తింటివా?"

పిడికిలి తెరిచాను. "ముళ్లు అట్లాగే ఉండాయి. సూడు," అన్నాను. మునికి ఏమీ అర్థం కాలేదు. తడి దారాన్ని రెండు వేళ్లతో తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా జేబులో వేసుకున్నాడు. పండక్కి మా నాయన పెట్టిన తెల్ల చొక్కా. జేబు మీద పసుపు మరక మెల్లగా పాకుతోంది, గుండె మీదుగా, అరచెయ్యంత. రేపు అది నేను ఉతకాలి. ఉతకను.